లక్ష్మణ ఫలం కషాయం, గానుగ నూనె: క్యాన్సర్‌ని ఆపుతాయా?

గౌతమి గట్టు: లక్ష్మణ ఫలం ఆకులు కాచి పరగడుపున తాగితే క్యాన్సర్ దరి చేరదని, కీమో కంటే పది వేల రెట్లు బలమని వాట్సాప్‌లో ఒకటే ప్రచారం. కడియం వెళ్తే మొక్కా దొరుకుతుంది. దానికి తోడు పసుపు పాలు, గానుగ నూనె. చెట్టు ఇచ్చినవే కదా, నష్టమేంటండీ? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పొట్టుపెసలు: ఆ పది వేల రెట్లు గాజు పళ్లెంలో పెంచిన కణాల లెక్కండి, మనుషుల మీద తేల్చింది కాదు. పళ్లెంలో బ్లీచింగు పోసినా కణాలు చస్తాయి. ఈ చెట్టులో ఉండే అన్నోనాసిన్ నరాల కణాలకి విషం. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో ఓ రకం వణుకు జబ్బుకీ, ఈ పండూ ఆకు కషాయాలకీ సంబంధం ఉందని 1999లోనే రాశారు. అదే కారణమని పూర్తిగా రుజువు కాలేదు, కానీ రోజూ తాగే సరుకైతే కాదు.

పసుపులో మందులా పనిచేస్తుందని చెప్పే కర్క్యుమిన్ 3 శాతం చిల్లర. చెంచాడు వేస్తే 100 మిల్లీగ్రాములు రావడమే గగనం, అందులోనూ ఒంటికి పట్టేది బహు తక్కువ. కూరలో వేసుకోండి, హాయిగా. కర్క్యుమిన్ బిళ్లలు మింగితే కొందరికి కాలేయం దెబ్బతింది.

గట్టి ఆధారం ఉన్నది పీచుకి. రోజుకి 10 గ్రాములు పెరిగితే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 10 శాతం తక్కువగా కనిపించింది. 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, పొట్టు పెసల్లో 17. పెసరట్టుకి నానబెట్టినప్పుడు ఆ పొట్టు కడిగి పారబోయకండి.

లంక మిరప: గానుగ నూనె మాటకొస్తే, అసలు గొడవ గానుగకి ముందే ఉంది. వేరుశనగ గుళ్లకి పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు పడితే అఫ్లటాక్సిన్ పుడుతుంది. కాలేయ క్యాన్సర్ తెస్తుందని రుజువైన విషం. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి ముప్పు ఎన్నో రెట్లు. వండినా, వేయించినా పూర్తిగా పోదు.

పీకిన కాయలో తేమ 40 శాతం దాకా ఉంటుంది, 8కి దిగాలి. కాయ ఊపితే గలగలమనాలి, గింజ నలిపితే పొర ఊడాలి. మన దగ్గర తుపాను ముసురు పట్టిందంటే మూడు రోజులు కుప్ప మీద పరదా కప్పేస్తారు, లోపల ఉడుకెక్కి బూజుకి పండగే. ఇంకోటి, కాయలు ఒలిచే మిషన్‌లో గుళ్లు విరక్కూడదని కాయల మీద నీళ్లు చల్లి పడతారు. ఆ తడి గుళ్లని గోతాల్లో కుక్కేస్తే ఎండబెట్టిందంతా వృథా. ఎండుకొబ్బరికీ ఇదే గతి: 6, 7 శాతం తేమకి రాకుండా మూటగడితే చిప్ప లోపల పచ్చగా మారుతుంది.

గానుగెద్దు: ఇది రిఫైన్డ్ కంపెనీల పాట. మా తాతల కాలం నుంచీ గానుగే కదండీ?

లంక మిరప: గానుగని తిట్టలేదండీ. రిఫైనరీలో క్షారం, బ్లీచింగ్ మట్టి తగిలి ఆ విషం చాలావరకు పోతుంది, గానుగలో ఆ మెట్టు లేదు. కాబట్టి గుళ్లు ఏరడమే మీ రిఫైనరీ. ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలినవి, చేదువి తీసేయండి. ఆడిన నూనె రెండు మూడు రోజులు తేర్చి, బట్టలో వడకట్టండి, నలకలతో పాటు కొంత విషం పోతుంది. విషంలో ఎక్కువ వంతు మిగిలేది నూనె తీశాక వచ్చే పిండి చెక్కలోనే.

గానుగెద్దు: ఆయ్, చెక్క గేదెలకే వేస్తాం. మనం తినంగా.

పొట్టుపెసలు: గేదె తింటే పాలల్లోకి దిగుతుందండీ, రూపం మార్చుకుని. అందుకే పాలకీ పరిమితి పెట్టారు, కిలోకి 0.5 మైక్రోగ్రాములు. పిల్లలు తాగేవి అవే.

గౌతమి గట్టు: మరి ఏరేసిన గుళ్లు ఏం చేయాలి? కోళ్లకి వేయొచ్చా?

లంక మిరప: వద్దు. 1960లో ఇంగ్లండులో బూజు వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాకే ఈ విషం బయటపడింది. బాతు పిల్లలు ఇంకా సుకుమారం, అవి తిరిగే చేల దగ్గర అసలు పారబోయకండి. గొయ్యి తీసి పూడ్చేయండి.