30 వేల లోపు ఇంటికి గ్యాస్ గ్రిల్: నాలుగు బర్నర్లదా, రెండు బర్నర్లదా, అసలు అవసరమా?

అలిపిరి_అబ్బాయి:
ఇల్లు తిరుపతిలో, అలిపిరి వైపు. మిద్దె మీద సగం రేకుల షెడ్డు, సగం ఖాళీ. ఇంట్లో ఆరుగురం. చుట్టాలొస్తే పన్నెండు మంది దాకా అవుతారు. బొగ్గులు రాజేసి విసురుకుంటూ కూర్చునే ఓపిక ఇక లేదు, గ్యాస్ గ్రిల్ కొందామనుకుంటున్నా. చెన్నైలో ఒక షాపులో రెండు చూశా. రెండూ 30 వేలకు అటూ ఇటూ.

మొదటిది నాలుగు బర్నర్లు, పక్కన చిన్న పొయ్యి, కింద అల్మారా, చక్రాలు. మొత్తం 42,000 బీటీయూ (గంటకు ఎంత వేడి ఇస్తుందో చెప్పే కొలత) అని స్టిక్కర్, అందులో పక్క పొయ్యిది 10,000. జాలీ 430 చదరపు అంగుళాలు. రెండోది రెండే బర్నర్లు, 21,000 బీటీయూ, 280 చదరపు అంగుళాలు. పోత అల్యూమినియం డబ్బా, బరువైన మూత, కింద ఉత్త స్టాండు.

షాపతను మొదటిదే తీసుకోమంటాడు. మా బావ కూడా అదే పాట. నాకేమో రెండోదాని మూత ఎత్తి చూసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. ఏది మేలు?

రేణిగుంట_జంక్షన్:
ఇందులో ఆలోచించేదేముంది బ్రో? అదే డబ్బుకు రెట్టింపు బర్నర్లు వస్తున్నాయి. పన్నెండు మంది కూర్చుంటే 280 అంగుళాల మీద ఎన్ని వాయిలు తీస్తావు? ఒక వాయికి పదిహేను లెగ్ పీసులు పడితే గొప్ప. మొదటి వాయి తిన్నోళ్లు చెయ్యి కడుక్కున్నాక రెండో వాయి వస్తుంది. నాలుగు బర్నర్లదే కొను.

బొగ్గుపొయ్యి_చిత్తూరు:
30 వేలు పెట్టి ఇంకో గ్యాస్ పొయ్యి కొంటారా అన్నా? వెల్డింగ్ షాపులో పాత డ్రమ్మును నిలువునా కోయించి, నాలుగు కాళ్లు పెట్టించి, పైన ఊచలు వేయిస్తే అందులో పదో వంతు ఖర్చు కూడా కాదు. నిప్పుల మీద కాలితేనే అది కాల్చిన కోడి. గ్యాస్ మీద చేస్తే పెనం మీద వేయించినట్టే. చీకులకు బొగ్గు తప్ప ఇంకోటి పనికిరాదు, ఇందులో రాజీ లేదు.

కొర్లగుంట_మెకానిక్:
స్టవ్ రిపేర్లే నా పని. ఇక్కడ ఎవరూ అడగని సంగతి ఒకటుంది. ఆ గ్రిల్లుకు గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఇంటి 14.2 కిలోల సిలిండర్ రెగ్యులేటర్ దాదాపు 30 మిల్లీబార్ ప్రెషర్‌తో, గంటకు అర కిలో గ్యాస్ ఇచ్చేలా తయారైంది. ఇప్పుడు లెక్క చూడండి. గంటకు 3,412 బీటీయూ అంటే ఒక కిలోవాట్. కిలో ఎల్పీజీలో పన్నెండున్నర యూనిట్ల (కిలోవాట్ గంటల) పైచిలుకు వేడి ఉంటుంది. 21,000 బీటీయూ గ్రిల్ ఫుల్లులో మండితే గంటకు అర కిలో లోపే తాగుతుంది, రెగ్యులేటర్‌కు సరిగ్గా సరిపోయింది. నాలుగు బర్నర్ల దానికి పక్క పొయ్యి తీసేసినా 32,000. అంటే గంటకు ముప్పావు కిలో. పక్క పొయ్యి కూడా వెలిగిస్తే కిలో దగ్గరికి పోతుంది. ఆ రెగ్యులేటర్ అంత ఇవ్వదు. అన్నీ ఫుల్లులో తిప్పితే మంట నీరసపడుతుంది. నా దగ్గరికి వచ్చి 'బర్నర్ జామ్ అయింది, క్లీన్ చెయ్యి' అంటారు. జామ్ ఏమీ ఉండదు.

పోనీ జాలీ అంగుళానికి ఎంత వేడి అని చూసినా 32,000ను 430తో భాగిస్తే 74, 21,000ను 280తో భాగిస్తే 75. తేడా ఏముంది? స్టిక్కర్ మీద పెద్ద అంకె రావడానికి పక్క పొయ్యిని కూడా కలిపేశారు, అంతే.

ఇంకోటి, ఆ అల్మారా. ఇలాంటివి ఎక్కువగా అమెరికా సిలిండర్ కొలతకు చేస్తారు. అది తొమ్మిది కిలోలది, అడుగున్నర ఎత్తు. మనది రెండడుగుల పైనే. టేపు పట్టుకెళ్లి కొలవండి. పట్టకపోతే సిలిండర్ బయటే ఉంటుంది, అల్మారా చీపుర్లకు పనికొస్తుంది.

రేణిగుంట_జంక్షన్:
లెక్క బాగుంది అన్నా, ఒప్పుకుంటా. కానీ అన్నీ ఫుల్లులో పెట్టి ఎవరు వండుతారు? నాలుగూ మీడియంలో పెడితే సరిపోతుంది. నేను అడిగేది మంట కాదు, చోటు.

కొర్లగుంట_మెకానిక్:
చోటు నిజమే. కానీ మీడియంలో పెట్టినప్పుడు వేడిని ఆపాల్సింది మూత. ఈ ధరలో నాలుగు బర్నర్లు ఇస్తున్నాడంటే మూత రేకులోనే కోత పెట్టి ఉంటాడు. వేలితో కొట్టి చూడండి, టంగుమంటే పల్చన. ఆషాఢం గాలికి మన మిద్దెల మీద బట్టలే నిలవవు, పల్చటి మూత కింద వేడి ఏం నిలుస్తుంది? మందం మూత ఉంటే ఒక బర్నర్ వెలిగించి, రెండోది ఆపేసి, ఆపిన వైపు కోడిని పెట్టి మూత వేస్తే మాడకుండా లోపలిదాకా ఉడుకుతుంది. గ్రిల్ కొనేదే ఆ పని కోసం. లేకపోతే పెనం చాలు.

అలిపిరి_అబ్బాయి:
అల్మారా సంగతి నాకు తట్టనే లేదు. శనివారం మళ్లీ చెన్నై పోతున్నా. ఇంకేం చూడమంటారు?

కొర్లగుంట_మెకానిక్:
అయస్కాంతం జేబులో వేసుకోండి. బర్నర్ గొట్టానికి, దాని పైన గుడారంలా ఉండే రేకుకు పెట్టండి. అంటుకుంటే 430 రకం స్టీలో, మామూలు ఇనుమో. అంటుకోకపోతే 304 (తుప్పుకు బాగా తట్టుకునే రకం స్టీలు) అని షాపోళ్లు చెప్తారు, కానీ చవక 201 కూడా అంటుకోదు, కాబట్టి బిల్లు మీద 304 అని రాసిమ్మనండి. రాయకపోతే అర్థం చేసుకోండి. బర్నర్, జాలీ విడిగా దొరుకుతాయా, ఎంత అని ముందే అడగండి. ముందు పోయేవి అవే. స్పేర్ లేని గ్రిల్ రెండు వానాకాలాల తర్వాత పాతసామాన్లోడికే.

జాలీ పోత ఇనుముదైతే మంచి వేడి పడుతుంది గానీ ప్రతిసారీ నూనె రాయాలి, కార్తీకం వానలకు వదిలేస్తే తుప్పే. అంత శ్రద్ధ లేనివాళ్లకు లావు స్టీలు ఊచలు మేలు.

తిరుచానూరు_కోడలు:
మగవాళ్లంతా కోడి గురించే మాట్లాడుతున్నారు, మా ఇంటి సంగతి వేరు. అత్తగారు, మామగారు శాకాహారం, మేమిద్దరం తింటాం. శనివారం ఎవరమూ ముట్టం. నేనైతే వాడకం ఎంత అని ముందు చూస్తాను. మా గ్రిల్ మీద కోడి కంటే వంకాయలు, మొక్కజొన్న పొత్తులు, పనీర్ ఎక్కువ కాలుతాయి. పచ్చడికి వంకాయలు ఒకేసారి డజను కాల్చేయొచ్చు, స్టవ్ కంపు చేసే పనే లేదు.

జాలీ రెండు ముక్కలుగా ఉన్నదే తీసుకోండి. మేము శాకాహారానికి విడిగా ఇంకో ముక్క కొనుక్కుని, గుడ్డలో చుట్టి వేరే చోట పెట్టుకున్నాం. నూనె కారే ట్రే మాత్రం ఒకటే కదా, అందుకని అత్తగారు మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రతిసారీ కింద కొత్త ఫాయిల్ పరుస్తాను. జాలీ ఒకే పలకగా వస్తే ఈ వెసులుబాటు ఉండదు.

బొగ్గుపొయ్యి_చిత్తూరు:
వంకాయ వరకు ఒప్పుకుంటా అక్కా. మాంసానికి పొగ వాసన ఎక్కడి నుంచి తెస్తారు?

కొర్లగుంట_మెకానిక్:
కొవ్వు కారి ఎర్రగా కాలిన రేకు మీద పడితే ఆవిరై పైకి లేస్తుంది, ఆ వాసనలో పెద్ద భాగం దానిదే. అందుకే బర్నర్ల మీద రేకు ఉండాలంటున్నా. బొగ్గు వాసన ఇంకా వేరు, అది కాదనను. చాలకపోతే మీ చిత్తూరులో మామిడి చెక్కకు కరువా? ముక్కలు ఫాయిల్‌లో చుట్టి, చిల్లులు పొడిచి బర్నర్ పక్కన పెట్టండి. చీకులకు మాత్రం బొగ్గే, అక్కడ నేను మీ పార్టీనే.

పుంగనూరు_ఆవు:
హోటళ్లకు సామాను చేసే వర్క్‌షాపులో చేయించుకోండి. 304 రేకు మనమే కొనిస్తే ఇదే బడ్జెట్‌లో జీవితకాలం వచ్చేది చేసిస్తారు. మా బాబాయి అలాగే చేయించాడు.

కొర్లగుంట_మెకానిక్:
డబ్బా అద్భుతంగా చేస్తారు, అందులో సందేహం లేదు. బర్నర్ దగ్గరే తేడా వస్తుంది. వాళ్లకు అలవాటైనవి హోటల్ హై ప్రెషర్ బర్నర్లు, జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే సన్న రంధ్రం ముక్కులు). దానికి హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించి ఇంటి మిద్దె మీద పిల్లల మధ్య వాడమని నేను చెప్పను. మూత, డబ్బా వాళ్ల దగ్గర చేయించి, లో ప్రెషర్ బర్నర్లు బయట కొని బిగించుకుంటానంటే సరే.

పైపు గ్యాస్ కనెక్షన్ ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. ఎల్పీజీ జెట్లతో అది సరిగా మండదు, దానికి పెద్ద రంధ్రం జెట్లు కావాలి. కొనేటప్పుడే అడగండి.

అలిపిరి_అబ్బాయి:
పోయొచ్చా. మెకానిక్ అన్న చెప్పినట్టే అల్మారాలో మన సిలిండర్ పట్టలేదు, తలుపు మూయడానికి జానెడు అడ్డం. మొదటిదాని బర్నర్‌కు అయస్కాంతం టక్కున అంటుకుంది. స్పేర్ అడిగితే 'అంత త్వరగా పోవు సార్' అన్నాడు, ధర చెప్పలేదు. రెండోదానికి బర్నర్ గొట్టం, జాలీ రెండూ షాపులోనే ఉన్నాయి, ధర చీటీతో సహా. జాలీ రెండు ముక్కలే. అదే బుక్ చేశా. బావకు ఇంకా చెప్పలేదు.

రేణిగుంట_జంక్షన్:
సరే, నీ ఇష్టం. పన్నెండు మందికి రెండు వాయిలు అన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. మొదటి వాయి ఫాయిల్‌లో చుట్టి మూతున్న పాత్రలో పెట్టు, రెండోది అయ్యేదాకా వేడిగా ఉంటుంది.

తిరుచానూరు_కోడలు:
అలిపిరి వైపు అంటే కోతులుంటాయి కదా? గుడ్డ కవర్ వేస్తే ఒక్క రోజులో చింపేస్తాయి. స్టాండును గోడకు గొలుసుతో కట్టి, కవర్ కింద తాడు బిగించండి. తిన్నాక ట్రే కడగకుండా వదలొద్దు, వాసనకే వస్తాయి.

అలిపిరి_అబ్బాయి:
కోతుల సంగతి మాకు పాతదే అక్కా, థ్యాంక్స్. మెకానిక్ అన్నా, షెడ్డు కింద పెట్టుకోవచ్చా? వాన పడితే అక్కడైతే ఇబ్బంది ఉండదు కదా.

కొర్లగుంట_మెకానిక్:
దాచడానికి షెడ్డు, వండడానికి ఖాళీ వైపు. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి పిట్టగోడ మూలల్లో నిలుస్తుంది, అందుకని నీళ్లు పోయే తూము మూసుకుపోకుండా చూసుకోండి. సిలిండర్ నిలువుగానే ఉండాలి. పైపు ఐఎస్ఐ గుర్తు ఉన్న సురక్షా పైపే వేయండి, అయిదేళ్లకు మార్చాలి. బిగించాక సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. చాలా రోజులు వాడకపోతే బర్నర్ గొట్టం లోపల సాలీడు గూడు కట్టి ఉంటుంది, మంట వెనక్కి కొడుతుంది. సన్నటి బ్రష్‌తో తోసి అప్పుడు వెలిగించండి, మూత తెరిచే ఉంచి.