అప్‌డేట్: అమెరికా నుంచి హైదరాబాద్‌కి - పొలం, పార్ట్ బి, బ్యాంకు ఖాతాలు

ఇంతకుముందు నేను అడిగింది ఇది: అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే దీర్ఘకాల వీసా లాంటిది) ఉన్నవాళ్లు 66 ఏళ్లకి హైదరాబాద్ వచ్చేస్తే మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ బి, అంటే ప్రీమియం కట్టే డాక్టరు ఖర్చుల భాగం, మానేయాలా, షాద్‌నగర్ దగ్గర రెండెకరాలు కొనొచ్చా అని. ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్. తేలినవి రాస్తున్నా.

పొలం కుదరదు. ఓసీఐ పేరు మీద సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఇల్లు, ఫ్లాట్ కొనొచ్చు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. జాగ్రత్తపడాల్సింది గుంటల లెక్కన అమ్మే 'ఫామ్ ప్లాట్ల' దగ్గర. "పట్టాదారు పాసుపుస్తకం కూడా వస్తుంది సార్" అన్నారంటే అది వ్యవసాయ భూమే, ప్రహరీ కట్టి గేటు పెట్టినా సరే. నాలా కన్వర్షన్ (సాగుభూమిని సాగేతర భూమిగా మార్చడం) అయిందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే చూడాలి.

మెడికేర్ మామూలుగా ఇండియాలో ఆసుపత్రి బిల్లు కట్టదు. అలాగని పార్ట్ బి మానేసి మళ్లీ చేరితే, లేకుండా గడిచిన ప్రతి 12 నెలలకీ ప్రీమియం మీద 10 శాతం అదనం. మూడేళ్లయితే 30 శాతం, అదీ పార్ట్ బి ఉన్నంతకాలం. మళ్లీ చేరే గడువు ఏటా జనవరి 1 నుంచి మార్చి 31 దాకే. పిల్లల దగ్గరికి తిరిగి వెళ్లే అవకాశం ఏ కాస్త ఉన్నా మానకపోవడమే మంచిదనిపించింది. ప్రీమియం లేని పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చుల భాగం) ఎలాగూ ఉంచుకోవాలి.

స్థిరపడ్డాక ఎన్‌ఆర్‌ఈ ఖాతాను (విదేశాల్లో ఉన్నప్పుడు అక్కడి సంపాదన వేసుకునే రూపాయల ఖాతా) రెసిడెంట్ ఖాతాగా మార్చాలి. డాలర్లు డాలర్లుగానే ఉండాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా (తిరిగొచ్చినవాళ్లు విదేశీ కరెన్సీ ఉంచుకునే ఖాతా) తెరవాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) దాఖలు చేయాలి. అన్నదమ్ములతో ఉన్న జాయింట్ ఖాతా కూడా లెక్కలోకే వస్తుంది.