1966 నోటర్ డేమ్: చివరి నిమిషంలో డ్రాకు ఆడిన జట్టు నెంబర్ వన్ ఎలా అవుతుంది?

యార్డ్‌లైన్:
1966 నవంబర్ 19, ఈస్ట్ లాన్సింగ్, అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్. మొదటి ర్యాంకులో నోటర్ డేమ్, రెండో ర్యాంకులో మిషిగన్ స్టేట్. స్కోరు 10-10. ఇంకా 1 నిమిషం 10 సెకన్లు ఉంది, బంతి నోటర్ డేమ్ దగ్గర, తన 30 యార్డ్ల గీత మీద. కోచ్ ఆరా పార్సీగియన్ గెలవడానికి ప్రయత్నించలేదు. పరుగు ఆటలతో టైమ్ అవగొట్టాడు. మరుసటి వారం సదరన్ కాలిఫోర్నియాను 51-0తో ఓడించి టైటిల్ పట్టుకుపోయాడు. ఆ ఆటకు విలేఖరులు ఓటేసి నెంబర్ వన్ ఇవ్వడం తప్పని నా వాదన.

గోల్‌పోస్ట్:
యార్డ్‌లైన్ గారూ, ముందు దూరాలు చూడండి. కాలేజీ గ్రౌండ్‌లో గోల్‌పోస్టులు గోల్ లైన్‌కి 10 యార్డులు వెనక ఉంటాయి. బంతి పెట్టే చోటు ఇంకో 7 యార్డులు వెనక. కాబట్టి ప్రత్యర్థి 24 గీత నుంచి కొడితే అది 41 యార్డుల ఫీల్డ్ గోల్ (పోస్టుల మధ్యకి తన్ని 3 పాయింట్లు తీయడం). సరిగ్గా ఆ దూరం నుంచే నోటర్ డేమ్ కిక్కర్ జో అజారో కొద్ది నిమిషాల ముందు మిస్ చేశాడు. అక్కడిదాకా పోవాలన్నా 46 యార్డులు కావాలి, ఉన్నది 70 సెకన్లు. ఫస్ట్ డౌన్‌కి (నాలుగు ప్రయత్నాల్లో, అంటే డౌన్లలో, 10 యార్డులు దాటితే వచ్చేది) గడియారం ఆపే నిబంధన 1968లో గానీ రాలేదు.

అవతల మిషిగన్ స్టేట్‌లో డిక్ కెన్నీ ఉన్నాడు, ఉత్తికాలితో కొట్టే హవాయి కిక్కర్. ఆ రోజే 47 యార్డులది కొట్టాడు. అంటే బంతి నోటర్ డేమ్ 30 దగ్గరికి చేరితే చాలు. మధ్య గీత దగ్గర పాస్ దొంగిలించారనుకోండి, ఇంకో 20 యార్డులే. మరి పాస్ వేయాల్సింది ఎవరు? మొదటి క్వార్టర్‌లోనే మిషిగన్ స్టేట్ బబ్బా స్మిత్ దెబ్బకి, పాస్‌లు వేసే మా క్వార్టర్‌బ్యాక్ టెర్రీ హాన్రటీ భుజం పోయింది. సెంటర్ గెడెకీ చీలమండ పోయింది. బంతితో పరుగెత్తే నిక్ ఎడ్డీ రైలు దిగుతూ జారి భుజం దెబ్బతీసుకున్నాడు, అసలు ఆడనే లేదు. మిగిలింది రెండో క్వార్టర్‌బ్యాక్ కోలీ ఓబ్రయన్. డయాబెటిస్ ఉన్న కుర్రాడు, అప్పటికే అలిసిపోయాడు. 0-10 వెనకబడ్డ జట్టును వీళ్లతోనే 10-10కి తెచ్చాడు ఆరా. అదంతా ఒక్క పాస్‌కి పణంగా పెట్టమంటారా?

యార్డ్‌లైన్:
పెట్టమంటాను. నెంబర్ వన్ అని రాయించుకున్న జట్టు 70 సెకన్లలో ఒక్క పాస్ కూడా వేయకపోతే ఎలా? మిషిగన్ స్టేట్ ఆటగాళ్లు గ్రౌండ్‌లోనే ఎగతాళి చేశారు.

గోల్‌పోస్ట్:
"ఒక్క పాస్ కూడా" అన్నది అబద్ధం. వరుసగా చూడండి. ఓబ్రయన్ 4, కాన్జార్ 3, బ్లయర్ 2 యార్డులు పరుగెత్తారు, బంతి 39 మీద. నాలుగో డౌన్, కావాల్సింది 1 యార్డ్. ఇక్కడ పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి అప్పగించడం) కొట్టలేదు! ఓబ్రయన్ సెంటర్ వెనకే దూరి 2 యార్డులు తీశాడు. అది తప్పితే 39 దగ్గర బంతి వాళ్లది, కెన్నీకి 9 యార్డులు చాలు. ఇది భయపడ్డవాడు చేసే పనా? ఆ తర్వాత పాస్ వేయడానికే వెనక్కి వచ్చాడు, బబ్బా స్మిత్ 7 యార్డుల నష్టానికి పడేశాడు.

యార్డ్‌లైన్:
చేతిలోంచి బంతి బయటికి రాలేదు. వేయలేదంటే వేయలేదు.

గోల్‌పోస్ట్:
పిలిచిన ఆట పాస్. కోచ్ ఉద్దేశం గురించి కదా మీ ఫిర్యాదు?

యార్డ్‌లైన్:
నాలుగు ఆటలు పోయాక, సెకన్లు మిగిలినప్పుడు పిలిచినదాన్ని లెక్కలోకి తీసుకోను.

పంట్‌బాబు:
అన్నా, అంతకుముందు మిషిగన్ స్టేట్ కోచ్ డఫీ డాఘర్టీ కూడా నాలుగో డౌన్‌లో పంట్ కొట్టి బంతి అప్పగించాడు. ఆయన్ని ఎవరూ అనరేం?

గోల్‌పోస్ట్:
అదీ మాట. ఆ పంట్‌ని మా టామ్ షోయెన్ చేజార్చి మళ్లీ తనే మీదపడి పట్టుకున్నాడు. 30 గీత మీద ఆ బంతి వాళ్లకి దొరికుంటే కెన్నీ అక్కడినుంచే కొట్టేవాడు. అది కళ్లారా చూసిన కోచ్ జాగ్రత్తపడకుండా ఎలా ఉంటాడు?

బర్మింగ్‌హామ్ బాబాయ్:
మీ ఇద్దరి పాస్ గొడవ తర్వాత. ఆ ఏడాది డ్రా లేకుండా, ఓటమి లేకుండా 11-0 చేసిన జట్టు ఒకటుంది, అలబామా. రెగ్యులర్ సీజన్‌లో ఇచ్చింది మొత్తం 37 పాయింట్లు, ఆరు మ్యాచుల్లో సున్నా. సీజన్ తర్వాత జరిగే బౌల్ మ్యాచుల్లో ఒకటైన షుగర్ బౌల్‌లో నెబ్రాస్కాను 34-7 కొట్టింది. అయినా మూడో ర్యాంకు. 1965లో బౌల్స్ అయ్యాక ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ఓటు పెట్టింది, 1966లో మళ్లీ బౌల్స్‌కి ముందే పెట్టేసింది. ఒక్క ఏడాదిలో నిబంధన ఎందుకు తిప్పారు? ఎవరికి మేలు? నోటర్ డేమ్ అయితే అప్పట్లో బౌల్‌కే పోయేది కాదు. 1925 నుంచి 1969 దాకా వాళ్లకదో నియమం.

గోల్‌పోస్ట్:
బాబాయ్ గారూ, 1964 మర్చిపోయారు. ఆ ఏడు ఓటు బౌల్స్‌కి ముందే. అలబామాకి టైటిల్ ఇచ్చేశారు, తర్వాత ఆరెంజ్ బౌల్‌లో టెక్సస్ చేతిలో 21-17తో ఓడిపోయింది. అప్పుడు ముందు ఓటు తీపి, 1966లో చేదా? 1965లో తర్వాతి ఓటు కూడా మీకే కలిసొచ్చింది. నోటర్ డేమ్ 362 పాయింట్లు చేసి 38 ఇచ్చింది, అదీ మిషిగన్ స్టేట్, పర్డ్యూ, సదరన్ కాలిఫోర్నియాలతో ఆడి. మీరు లూసియానా టెక్, సదరన్ మిసిసిపీలతో ఆడారు.

బర్మింగ్‌హామ్ బాబాయ్:
ఓల్ మిస్, టెనెసీ, ఎల్‌ఎస్‌యూ కనపడవు మీకు. నాక్స్‌విల్ వానలో 11-10తో గెలిచిన మ్యాచ్ చూడండి ఒకసారి. మీరు డ్యూక్‌ని 64-0 కొట్టడం గొప్పా? ఈ వేదికలో దక్షిణాది జట్టంటేనే చిన్నచూపు. ఎప్పుడు అలబామా మాటెత్తినా ఎవరో ఒకరు నోరు మూయించడానికి వస్తారు.

లాన్సింగ్ లక్ష్మి:
నోరు మూయించడం కాదండీ, ఎవరూ అనని మాట అంటున్నాను. 1966 అలబామాలో ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. అలబామా ఆడే దక్షిణాది లీగ్ ఎస్‌ఈసీ మ్యాచ్‌లో మొదటిసారి నల్లజాతి ఆటగాడు దిగింది 1967లో, అదీ కెంటకీ తరఫున. అలబామా తరఫున దిగింది 1971లో, జాన్ మిచెల్, విల్బర్ జాక్సన్. ఇటు మిషిగన్ స్టేట్ చూడండి. బబ్బా స్మిత్ టెక్సస్‌లోని బోమాంట్ వాడు. జార్జ్ వెబ్‌స్టర్ సౌత్ కరొలైనా. క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ రే నార్త్ కరొలైనాలోని ఫయట్‌విల్. సొంత ఊళ్ల పక్కనున్న పెద్ద కాలేజీలు తీసుకోకపోతే ఉత్తరానికి వచ్చారు. రెగ్యులర్ సీజన్‌లో అలబామా దక్షిణాది దాటి ఎవరితోనూ ఆడలేదు. ఆ ఆటగాళ్లను పక్కనపెట్టిన జట్లతో తిరిగి తిరిగి ఆడి తెచ్చుకున్న సున్నాలకి నేను పూర్తి విలువ ఇవ్వలేను.

బర్మింగ్‌హామ్ బాబాయ్:
నెబ్రాస్కాలో నల్లజాతి ఆటగాళ్లున్నారు, వాళ్లనీ 34-7 కొట్టాం కదా! ఇరవయ్యేళ్ల క్వార్టర్‌బ్యాక్ కెన్ స్టేబ్లర్‌ వయసు కుర్రాళ్లు జాతివివక్షను సమర్థించిన అలబామా గవర్నర్ చేసిన పాపానికి ఎందుకు శిక్ష అనుభవించాలి? ఓటు వేసిన విలేఖరులు ఆ కారణం కాగితం మీద రాశారా? రాయలేదు. ఆట చూసి ఓటేయండి, లేదా కారణం చెప్పి వేయండి.

లాన్సింగ్ లక్ష్మి:
కుర్రాళ్లని అనలేదు. శిక్ష అంటున్నారు, దాన్ని ముందు అనుభవించింది ఆ జట్టులో చోటే లేనివాళ్లు.

పంట్‌బాబు:
🙏 చల్లబడండి అందరూ.

యార్డ్‌లైన్:
బాబాయ్ గారు తెలియకుండానే నా అసలు బాధ బయటపెట్టారు. ఆ సాయంత్రం డఫీ సీజన్ అయిపోయింది. మిషిగన్ స్టేట్ ఆడే బిగ్ టెన్ లీగ్‌లో వరుసగా రెండేళ్లు రోజ్ బౌల్‌కి పోకూడదన్న రూల్ అప్పట్లో ఉండేది కాబట్టి తన కింద ఉన్న పర్డ్యూ వెళ్లింది. ఆరాకి మాత్రం ఇంకో మ్యాచ్ మిగిలింది. డ్రా అయినా వచ్చే శనివారం ఓటర్లకి ఏదో ఒకటి చూపించుకోవచ్చు, డఫీకి ఆ దారి లేదు. 39 మీద ఆ ఆటలు పిలుస్తున్నప్పుడు ఆరా ఆడింది మిషిగన్ స్టేట్‌తో కాదు, ఓటర్లతో. నా కోపం దానిమీదే.

గోల్‌పోస్ట్:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే సగం గొడవ ఉండేది కాదు. ఒప్పుకోను గానీ, ఇది వాదించదగ్గ మాట. టైటిల్ ఓటుతో ఇస్తారని రాసిపెట్టి ఉన్నప్పుడు, ఓటును లెక్కలోకి తీసుకోవడం కోచ్ పని. నెల క్రితం కొలంబస్ వానలో ఒహాయో స్టేట్ మీద 11-8తో బయటపడ్డ డఫీకి ఆ లెక్క తెలియదంటారా? తెలిసే పంట్ కొట్టాడు.

యార్డ్‌లైన్:
కొలంబస్‌లో డఫీ చివర్లో 80 యార్డులు పైగా నడిపించి టచ్‌డౌన్ తీసుకున్నాడు. డ్రా కోసం ఆగలేదు.

గోల్‌పోస్ట్:
అక్కడ వెనకబడి ఉన్నాడు సార్. వెనకబడ్డవాడికి వేరే దారి ఏముంటుంది? 10-10 దగ్గర ఆయనేం చేశాడో అది చెప్పండి.