"అవి కష్టపడవు, ఒడకవు": ఇది అచ్చుతప్పు కాదు

మత్తయి సువార్త 6:28లో అడవి పువ్వుల గురించి "అవి కష్టపడవు, ఒడకవు" అని ఉంటుంది. ఇది అచ్చుతప్పా, "ఉడకవు" అని ఉండాలా, "వణకవు" అని ఉండాలా అని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. చిన్నప్పుడు నేనూ "వణకవు" అనే అనుకున్నాను. మా ఊరి గుట్ట మీద తంగేడు గాలికి వణుకుతూనే ఉంటుంది కదా, మరి ఇట్లా ఎందుకు రాశారని చాలా రోజులు ఆలోచించాను.

అది "వడకవు". నూలు వడకడం అంటామే, ఆ మాటే. గ్రీకు మూలంలో ఉన్నదీ దారం తీయడం అనే అర్థమున్న క్రియే. 'వ' పోయి 'ఒ' రావడం మన నల్గొండ వాళ్లకు వింత కాదు. వడ్లను ఒడ్లు అంటాం, వద్దును ఒద్దు అంటాం.

మాది చౌటుప్పల్ వైపు. మా అమ్మ ఏళ్ల తరబడి ఆసు పోసింది, అంటే చీర నేతకు దారాన్ని మేకులకు చుట్టి సిద్ధం చేసే పని. చిటికి కట్టి, అంటే దారాన్ని అక్కడక్కడా బిగించి కట్టి, రంగులు అద్దే ముందు పట్టు దారాన్ని నడిమి మేకుకూ, ఎదురుగా అర్ధచంద్రంలా ఉన్న మేకులకూ మధ్య తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. రాత్రి పడుకునేటప్పుడు అమ్మ కుడి చెయ్యి పైకి లేచేది కాదు, ఎడమ చేత్తోనే దుప్పటి కప్పుకునేది.

ఒడకవు అంటే ఏమిటో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది: "పువ్వుకూ రెక్కలుంటయి, నాకూ రెక్కలుంటయి. దాని రెక్కలు నొయ్యవు గద బిడ్డా." మన దగ్గర చేతుల్ని రెక్కలనే అంటాం, రెక్కాడితే గాని డొక్కాడదు అన్నప్పటి రెక్కలు. పూరెక్కలకూ అదే మాట. ఆ వాక్యానికి నేను విన్న వ్యాఖ్యానాల్లో ఇంత దగ్గరగా వచ్చింది మరొకటి లేదు.

"అంటే పని చేయొద్దని బైబిల్ చెబుతోందా?" అని కింద ఒకరు అడిగారు. నాకట్లా అనిపించదు. చింతపడకండి అని చెప్పే చోట వచ్చిన మాట అది. వడికి వడికి అలసిన వాళ్లు ఎదురుగా కూర్చుంటేనే "ఒడకవు" అన్న మాటకు బరువు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోతే, ఆమె కుట్టిన అంగీలు, బట్టలు పేతురుకు చూపిస్తూ విధవరాళ్లు ఏడుస్తారు. చేతిపనిని తక్కువ చేసే గ్రంథం ఆ బట్టల్ని గుర్తుపెట్టుకోదు.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం చేశారు. 1999లో అది పనిచేసింది, తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా ఇంటికి వచ్చేసరికి అమ్మ పని మానేసింది.

ఇంతకీ మీ దగ్గర పెద్దవాళ్లు నూలు "వడకడం" అంటారా, "ఒడకడం" అంటారా? నారాయణపేట, గద్వాల వైపు వాళ్లు తప్పకుండా రాయండి.