లండన్ దగ్గర పళ్ళతోటకి వెళ్తున్నాం, కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మావారి ఉద్యోగం వల్ల ఏప్రిల్‌లో లండన్ వచ్చాం. ఇక్కడ తోటలోకి మనమే వెళ్ళి పళ్ళు కోసుకుని, తూకం వేయించి కొనుక్కోవచ్చని మావారి ఆఫీసులో ఎవరో చెప్పారట. జులై మొదటి శనివారం వెళ్దామని ఆయన హుషారు. నాలుగేళ్ళ పాప ఉంది. కారు లేదు. అప్పటికి మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు. నాకు తెలిసిన తోటలంటే చిన్నప్పుడు వెళ్ళిన నూజివీడు మామిడి తోటలే. జులైలో ఏం దొరుకుతాయి? ఏం తీసుకెళ్ళాలి? ఊరికే డబ్బు తగలేసుకోవడమేనా?

---

అమ్మా, మేం పదమూడేళ్ళు లండన్ పక్కనున్న కెంట్ జిల్లాలో ఉండి, రెండేళ్ళ కిందట పటమట తిరిగొచ్చేశాం. మొన్న నున్న మార్కెట్ నుంచి తెచ్చిన రసాలు గడ్డిలో మగ్గుతున్నాయి, ఇల్లంతా ఒకటే వాసన. ఆ వాసనకే మీకు మొట్టమొదట చెప్పాల్సిన మాట గుర్తొచ్చింది: అక్కడ మామిడి లెక్కన కోయకండి.

మనకి చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటేంటి? టెంక ముదిరిందా లేదా చూసి, కాయగానే కోసి, ఇంట్లో మగ్గబెట్టడం. స్ట్రాబెర్రీ దగ్గర అది పనిచెయ్యదు. కోసిన నిమిషంలో ఎంత తీపి ఉందో అంతే. భుజాల దగ్గర తెల్లగా ఉన్నది ఇంటికొచ్చాక ఎర్రబడినట్టు కనిపించినా తియ్యబడదు. రాస్‌బెర్రీ, చెర్రీ కూడా అంతే. మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆవిడా నేనూ తెలివిగా దోరవి ఏరాం, వారమంతా తినొచ్చని. వారమంతా పుల్లటివే తిన్నాం.

స్ట్రాబెర్రీ తొడిమ దాకా ఎర్రగా నిగనిగలాడాలి. పండు పట్టుకుని లాగొద్దు, పైన కాడని గోటితో గిల్లండి, ఆ పచ్చ టోపీ పండుకే ఉండాలి. మంచివన్నీ ఆకుల కింద దాక్కుంటాయి. బాట పక్కనున్న మొక్కల్ని అందరూ దులిపేసి ఉంటారు, కాస్త లోపలికి నడవండి. రాస్‌బెర్రీది ఇంకో పద్ధతి. వేళ్ళతో ఇలా అంటే అలా ఊడి రావాలి, లోపలి తెల్ల గుబ్బ చెట్టుకే ఉండిపోవాలి. బిగిసి ఉంటే వదిలెయ్యండి, ఎల్లుండి ఇంకెవరో తింటారు. చెర్రీ మాత్రం కాడతో సహా కోయాలి, లేకపోతే రసం కారి తొందరగా పాడవుతుంది.

ఇంకొకటి, ఇది నా ఖర్మ. ఒకసారి ఆరు కిలోల రాస్‌బెర్రీలు ఒకే లోతు డబ్బాలో వేసి, కారు డిక్కీలో పెట్టి, దారిలో స్నేహితుల ఇంట్లో టీకి ఆగాం. ఇంటికెళ్ళి మూత తీస్తే పైన రెండు వరసలు పళ్ళు, కింద అంతా గుజ్జు. అందుకే లోతులేని డబ్బాలు ఎక్కువ తీసుకెళ్ళండి. వాన పడ్డ మర్నాడు కోసినవి త్వరగా బూజు పడతాయి. తినే ముందు తప్ప కడగొద్దు.

జులై మొదట్లో అయితే స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ, గూస్‌బెర్రీ, కరెంట్లు (గుత్తులుగా కాసే చిన్న పుల్లటి పళ్ళు), చాలాచోట్ల చెర్రీలు ఉంటాయి. ప్లమ్‌లు ఆగస్టులో, ఆపిల్ పంట అసలు సెప్టెంబరులో. ఆపిల్ తోట చూస్తే మీరు నవ్వుకుంటారు, చేత్తో అందేంత పొట్టి చెట్లు! చిక్కం కట్టిన గడకర్రలతో మామిడి కోసిన మనకి అది ఆటలాగే ఉంటుంది. కెంట్‌లోనే ఈస్ట్ మాలింగ్ అని 1913లో మొదలైన పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఎంపిక చేసిన ఎం9 అనే వేరుమొక్క మీద అంటు కడితే చెట్టు ఎదగకుండా పొట్టిగా ఉండిపోతుంది.

---

పై అన్నయ్యగారు పళ్ళ సంగతి చెప్పారు, నేను ప్రయాణం సంగతి చెప్తాను. మాది బెజవాడ సత్యనారాయణపురం, ఇప్పుడు లండన్ పక్కనే సర్రే జిల్లాలో ఉంటున్నాం.

మీవారికి ఇండియా లైసెన్సు ఉందా? వచ్చి స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలు దాంతోనే నడపొచ్చు. స్టీరింగు కూడా మనలాగే కుడిపక్క. ఒక్కరోజుకి కారు అద్దెకి తీసుకోండి, పాపకి సీటు అడగడం మర్చిపోవద్దు. తోటలకి బస్సులు తక్కువ, ఆదివారం ఇంకా తక్కువ. రైలు దిగి టాక్సీలో వెళ్ళొచ్చు గానీ, తిరిగొచ్చేటప్పుడు చేతిలో పళ్ళు, చంకలో నిద్రపోయిన పిల్లతో టాక్సీ కోసం పొలం గేటు దగ్గర నిలబడాల్సొస్తుంది.

మా సర్రేలోనే ఈషర్ అనే ఊళ్ళో గార్సన్స్ అని పెద్ద తోట ఉంది, పళ్ళతో పాటు కూరగాయలూ కోసుకోవచ్చు. ఏ తోటకైనా సరే, బయల్దేరే రోజు పొద్దున వాళ్ళ వెబ్‌సైటు చూడండి. ముందురోజు జనం ఎక్కువొచ్చి పళ్ళు అయిపోతే ఆ వరసలు మూసేస్తారు. చాలాచోట్ల ముందే బుక్ చేసుకోవాలి. లోపలికి వెళ్ళడానికి డబ్బు కడితే కొన్నిచోట్ల బిల్లులో తగ్గిస్తారు, కొన్నిచోట్ల తగ్గించరు. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్ళాలనుకుంటే అదీ ముందే చూడండి. మేం పన్నెండు మందిమి డబ్బాలతో సహా దిగితే, బయటి తిండి కుదరదని ఒకచోట మర్యాదగానే గేటు దగ్గర ఆపేశారు. రోడ్డు పక్కన కారులో తిన్నాం.

తోటలో ఒకటి రెండు రుచి చూస్తే చాలాచోట్ల ఏమీ అనరు. పాప కడుపు నిండా లాగించిందనుకోండి, అది పక్కవాళ్ళ పంట తిన్నట్టే.

డబ్బు విషయం అడిగారు. చవక అనుకుని వెళ్ళొద్దు. చేతిలో డబ్బా ఉంటే కోస్తూనే ఉంటాం, కాటా మీద పెట్టాక గుండె ఝల్లుమంటుంది. వెళ్ళేటప్పుడే చిన్న డబ్బాలు పట్టుకెళ్ళడం ఒక్కటే మార్గం.

---

అమ్మాయ్, మాది అరండల్‌పేట. పోయినేడు మా అబ్బాయి దగ్గర మూడు నెలలుండి వచ్చాను. మీ అత్తగారి గురించి నేను చెప్తాను.

రోహిణి కార్తె ఎండ చూసిన మాకు అక్కడి ఎండ ఒక ఎండా అనుకున్నాను. చల్లగాలి వీస్తుంటే తెలీదు, సాయంత్రానికి మెడ మండిపోయింది. టోపీ, మంచినీళ్ళు ఉండాలి. గొడుగు రెంటికీ పనికొస్తుంది, ఎందుకంటే అరగంటలో వాన పడుతుంది. నడుం వంచలేని వాళ్ళకి స్ట్రాబెర్రీ కష్టమే, అయితే కొన్ని తోటల్లో నడుమెత్తు బల్లల మీద పెంచుతారు, అలాంటిది వెతకమను మీవారిని. రాస్‌బెర్రీ నిలబడే కోయొచ్చు. చీర కుచ్చిళ్ళు గట్ల మీద గడ్డికి తగిలితే నెటిల్ అని మన దురదగొండి లాంటిది ఉంటుంది, జాగ్రత్త. పంజాబీ డ్రెస్సు, బూట్లు నయం.

ఇక అసలు సంగతి. పచ్చ గూస్‌బెర్రీ కనిపిస్తే వదలొద్దు. మన రాతి ఉసిరికాయలా ఉంటుంది గానీ వగరు లేదు, ఒట్టి పులుపు. రెండు కొసలూ గిల్లి, కందిపప్పులో వేస్తే మామిడికాయ పప్పే అనుకో. పచ్చడికైతే నూనెలో రెండు నిమిషాలు మగ్గితే చాలు, ఎండుమిరపకాయలు మాత్రం ఊరి నుంచి తెచ్చినవి వెయ్యి.

రూబార్బ్ అని ఎర్ర కాడలుంటాయి, పులుపుకి గోంగూర గుర్తొస్తుంది. కాడలు మాత్రమే తెచ్చుకో. ఆకు పెద్దగా, పచ్చగా, కూరకి బాగుంటుందనిపించేలా ఉంటుంది. అది విషం. ఆకు కనిపిస్తే వండేసే జాతి మనది, అందుకే గట్టిగా చెప్తున్నా. మీ అత్తగారికి కూడా చెప్పు.

---

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇండియాలో నెలకి రెండు మూడుసార్లే కారు నడిపిన మావారు హైవే అంటే కాస్త జంకుతున్నారు, అయినా కారే బుక్ చేశాం. పిన్నిగారూ, మా అత్తయ్యగారికి ఫోన్ చేసి గూస్‌బెర్రీ సంగతి చెప్పగానే సూట్‌కేసులో రెండు జతలు తగ్గించి మిరపకాయలు, ఇంగువ పెడతానన్నారు. నలుగురికి రెండు వారాలకి పచ్చడి కావాలంటే ఎన్ని కోయాలి?

---

కిలో చాలు. రెండు కిలోలు కోస్తావు, నాకు తెలుసు. మిగిలినవి కొసలు గిల్లేసి, తడి లేకుండా పళ్ళెంలో విడివిడిగా పరిచి ఫ్రీజరులో గట్టిపడనిచ్చి, అప్పుడు సంచిలో పొయ్యి. సంక్రాంతికి కూడా పప్పులోకి పనికొస్తాయి.