ఏడో నెలలో టెన్షన్ పడితే బిడ్డకి నిజంగా ఏమైనా అవుతుందా?

జీడితోట:
నాకు ఏడో నెల, తొలి కాన్పు. మాది సోంపేట వైపు సముద్రం పక్క ఊరు. మా ఆయన గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీద పని చేస్తారు, వేటకి వెళ్లారంటే ఫోన్ కలవదు, ఒడ్డుకి వచ్చేదాకా ఏ కబురూ ఉండదు. 2018లో అక్కడ వేటకెళ్లిన మన జిల్లాల వాళ్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుని 2020 జనవరిలో గానీ వదల్లేదు కదా, రాత్రయితే అదే గుర్తొస్తుంది. నిద్ర పట్టదు, గుండె దడ, ఊరికే ఏడుపు. మా అత్తయ్య "నువ్విలా ఏడిస్తే లోపల గుంటకి తగులుతాది" అంటారు, ఆవిడ ప్రేమతోనే అంటారు గానీ, ఇప్పుడు ఏడుపొస్తే బిడ్డకేదో చేసేస్తున్నానని ఇంకో భయం పట్టుకుంది. యూట్యూబ్ చూస్తే మరీ ఘోరం. సూటిగా ఎవరైనా చెప్పండి.

పాతకాలంమనిషి:
మా అమ్మమ్మ ఎనిమిది మందిని కంది, నెలలు నిండినా ఊడ్పులకి వెళ్లేది. ఈ టెన్షన్లన్నీ ఫోన్లు వచ్చాకే. ఆ ఫోన్ పక్కన పడేసి భాగవతం చదువుకో తల్లీ.

నైట్‌డ్యూటీ (విజయనగరం):
ఆ ఎనిమిది మందిలో ఎందరు బతికారో, పక్కింటావిడ పురిట్లో ఎలా పోయిందో కూడా అమ్మమ్మనే అడగాల్సింది. సరే, విషయానికి వద్దాం.

చెల్లీ, నేను ప్రసూతి వార్డులో నర్సుని. ఒక రాత్రి ఏడ్చినందుకు బిడ్డకి ఏమీ కాదు. టెన్షన్ పడితే కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది, నిజమే, కానీ మాయలో (ప్లాసెంటాలో) ఒక ఎంజైమ్ ఉంటుంది, అది అందులో ఎక్కువ భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేసి గానీ బిడ్డ వైపు పోనివ్వదు. నెలల తరబడి తీవ్రమైన ఆందోళన, నిద్రలేమి, తిండి మానేయడం ఉంటే మాత్రం 37 వారాలకి ముందే కాన్పు కావడం, బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టడం కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. కొంచెమే. అలాంటి తల్లుల్లో కూడా ఎక్కువమందికి బిడ్డ బాగానే పుడుతుంది.

నాకు నీ బిడ్డ కంటే నీ గురించే ఆలోచనగా ఉంది. కడుపుతో ఉన్నప్పటి దిగులు పట్టించుకోకపోతే కాన్పు తర్వాత ముదిరే అవకాశం ఎక్కువ, అప్పుడు పాలివ్వడం కూడా భారంగా అనిపిస్తుంది. రెండు వారాలకి మించి రోజంతా ఇలాగే ఉంటే డాక్టరుకి "నిద్ర పట్టట్లేదు, ఏడుపొస్తోంది" అని నోరు తెరిచి చెప్పు, అడిగేదాకా ఆగకు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే చెప్పాలి. ఇంకోటి, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, ముఖం వాచినా టెన్షన్ అనుకుని పడుకోవద్దు, అది బీపీ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ కదలికలు తగ్గినా అంతే.

ఉద్దానంకోడలు:
తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను కూడా నెలలతోనే ఉన్నాను. కొబ్బరి, జీడి చెట్లు నేలమట్టం, కరెంటు లేదు, నీళ్లు లేవు. మా పాప ఇప్పుడు స్కూల్లో అందరి కంటే ఎక్కువ వాగుతుంది. కానీ అందరికీ అలాగే అవుతుందని నేను అనను. కెనడాలోని క్యుబెక్‌లో 1998 జనవరిలో మంచు తుఫాను వచ్చి కరెంటు పోతే, అప్పటి గర్భిణుల పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. తల్లులు పడిన కష్టం ఎక్కువైన చోట చిన్నప్పుడు మాటల్లో, తెలివిలో సగటున కొంత తేడా కనిపించింది. ఎంత భయపడ్డారనే దాని కంటే ఎన్నాళ్లు చీకట్లో ఉన్నారు లాంటి అసలు కష్టమే లెక్కకొచ్చింది. అంచేత అత్తయ్యగారికి చెప్పు, "ఏడవకు" అనే బదులు బిందెలు మోయనివ్వకుండా, మధ్యాహ్నం ఒక గంట పడుకోనిస్తే చాలు.

గంగపుత్రుడు:
అమ్మా, బోటు పేరు, నంబరు, ఒడ్డున ఉండే ఓనరు ఫోన్ నంబరు ముందు రాయించి పెట్టుకో. తండేల్ (బోటు నడిపించే పెద్ద) ఇంటివాళ్లదీ తీసుకో. ముందొచ్చిన బోట్ల వాళ్లు కబురు చెబుతారు. ఏ కబురూ లేకుండా కూర్చోవడమే పెద్ద నరకం, మా ఇంట్లో ఆవిడదీ ఇదే గోల.

జీడితోట:
అందరికీ థాంక్స్. ఓనరు నంబరు ఇంతకాలం నాకు తట్టనే లేదు. 9వ తారీఖున పీహెచ్‌సీలో గర్భిణుల చెకప్ ఉంది, ఆశా అక్క కూడా వస్తానంది, అప్పుడు నిద్ర సంగతి చెబుతాను. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, టెలీ మానస్ 14416 అని ఆమే చెప్పింది, రాత్రి పన్నెండు దాటాక కూడా ఎత్తుతారా? తెలుగులో మాట్లాడొచ్చా?

నైట్‌డ్యూటీ:
ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు. తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు.