డేటాబేస్ స్కీమాకీ సెర్చ్ ఇండెక్స్‌కీ ఒకే మైగ్రేట్ కమాండా, వేర్వేరా?

పాతటెర్మినల్
మా టీమ్‌లో వారం నుంచి ఇదే గొడవ, మీ మాట కూడా విందామని పెడుతున్నా. మాకు అసలు డేటా ఉండే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, సెర్చ్ కోసం ఆ డేటా కాపీని ఇండెక్స్‌గా పెట్టుకునే ఎలాస్టిక్‌సెర్చ్ పక్కన. రెండింటి ఆకారంలో చేసే మార్పులూ (వీటినే మైగ్రేషన్లంటాం) మేం రాసుకున్న ఒకే కమాండ్‌లైన్ టూల్‌తో చేస్తాం. ఫైళ్లకు వరస నంబర్లు ఉంటాయి, "మైగ్రేట్ అప్" కొడితే మిగిలినవన్నీ నడుస్తాయి, ఎక్కడిదాకా వచ్చిందో డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌లో రాసుకుంటుంది. మూడేళ్లు బాగానే నడిచింది. మొన్న 47వ ఫైల్‌లో ప్రొడక్ట్ కోడ్ కాలమ్‌ని ఇంటీజర్ నుంచి టెక్స్ట్‌కి మార్చి, అదే ఫైల్‌లో కొత్త మ్యాపింగ్‌తో (ఏ ఫీల్డ్ ఏ టైపో చెప్పేది) రీఇండెక్స్ కూడా, అంటే పాత ఇండెక్స్‌లోది కొత్తదాంట్లోకి పోయడం కూడా పెట్టాం. కాలమ్ మారింది. రీఇండెక్స్ గంటన్నర నడిచాక కనెక్షన్ తెగింది. టూల్ 47ని "డర్టీ" అని గుర్తేసుకుని ఇక ఏదీ నడపనంది. సెర్చ్‌తో ఏ సంబంధమూ లేని వేరేవాళ్ల చిన్న ఫిక్స్ ఒకటి దాని వెనక ఇరుక్కుపోయింది. విడగొడదామని నేను, కలిపే ఉంచాలని మా లీడ్.

లాక్‌టైమవుట్
విడగొట్టండి, ఇందులో ఆలోచించడానికేముంది? పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ ఆకారం మార్చే ఆల్టర్ టేబుల్ కూడా ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది, ఫెయిలైతే ఏమీ జరగనట్టు వెనక్కొస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌లో అలాంటిదేం లేదు. ఉన్న ఫీల్డ్ టైప్ మార్చడమే కుదరదు, కొత్త ఇండెక్స్ పెట్టి, డేటా అంతా అందులోకి పోసి, ఏలియాస్‌ని (యాప్ వాడే మారుపేరు) దానివైపు తిప్పాలి. మొదటిది స్విచ్ వేయడం, రెండోది ఇల్లు మారడం. రెండింటికీ ఒకే బటన్ పెడితే ఇదే జరుగుతుంది.

పోతే, ఇంటీజర్‌ని టెక్స్ట్ చేస్తే టేబుల్ మొత్తం తిరగరాస్తుంది, అంతసేపూ చదవడానిక్కూడా ఎవర్నీ రానివ్వదు. టేబుల్ చిన్నది కాబట్టి బతికిపోయారు.

ఒకేతాడు
విడగొట్టిన చోట నేను పనిచేశానండి, అదేమీ స్వర్గం కాదు. డేటాబేస్‌కి ఒక కమాండ్, సెర్చ్‌కి ఒకటి, రెండు రిపోలు. కొత్త కాలమ్ వచ్చింది, డిప్లాయ్ అయింది, సెర్చ్ వైపు కమాండ్ కొట్టాల్సినవాడు సెలవులో ఉన్నాడు. మ్యాపింగ్ లేదు కదా, ఇండెక్స్ తనే ఊహించుకుంది. మొదటి డాక్యుమెంట్‌లో (ఇండెక్స్‌లో ఒక్కో రికార్డూ ఒక డాక్యుమెంట్) కోడ్ 417 అని నంబర్‌గా వచ్చింది, సరే ఇది లాంగ్, అంటే అంకెల టైప్ అని ఖాయం చేసేసుకుంది. మర్నాడు "417బి" వచ్చింది. ఆ డాక్యుమెంట్‌ని మొత్తంగా తిప్పికొట్టింది, ఆ ఫీల్డ్ ఒక్కటే వదిలేయలేదు. అలాంటివి రోజూ కొన్ని. లాగ్‌లో ఎర్రర్ పడుతూనే ఉంది, చూసే నాథుడు లేడు. నాలుగో రోజున కస్టమరే చెప్పాడు, ఫలానా సరుకు వెతికితే రావట్లేదని.

మీ 47 కనీసం గట్టిగా అరిచి ఆగింది. మాది నోరు మూసుకుని తప్పు చేసింది. ఏది నయమో మీరే చెప్పండి.

సున్నానుంచి
అది రెండు కమాండ్ల తప్పు కాదు భాయ్, డైనమిక్ మ్యాపింగ్‌ని, అంటే టైప్ తనే ఊహించుకోవడాన్ని తెరిచి ఉంచిన తప్పు. తెలియని ఫీల్డ్‌ని ఒప్పుకోని "స్ట్రిక్ట్" పెట్టుంటే మొదటి డాక్యుమెంటే ఆగేది.

ఒకేతాడు
మొదటి డాక్యుమెంట్ ఆగేది, నిజమే. అప్పుడూ ఆ లాగ్ చూసేవాడు ఉండాలిగా.

నిదానంగా
నేను ఇద్దరితోనూ సగం ఒప్పుకుంటా. లాక్‌టైమవుట్ గారూ, డేటాబేస్ పనులన్నీ స్విచ్ వేసినంత తేలికేం కాదు. పోస్ట్‌గ్రెస్‌లోనే, టేబుల్‌లో రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టే క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ ఉంది చూడండి, అది ట్రాన్సాక్షన్ లోపల నడవనే నడవదు, పెద్ద టేబుల్ మీద గంటలు పట్టొచ్చు, మధ్యలో చస్తే ఇన్‌వ్యాలిడ్ అని ఒక సగం ఇండెక్స్ మిగిలిపోతుంది, దాన్ని మనమే డ్రాప్ చేసుకోవాలి. పైగా ఎలాస్టిక్‌సెర్చ్‌లో కొత్త ఇండెక్స్ సృష్టించడం, ఏలియాస్ తిప్పడం రెండూ క్షణాల్లో అయిపోయేవే. తిప్పడమైతే ఒకే రిక్వెస్ట్‌లో పాతదాన్నుంచి తీసి కొత్తదానికి పెట్టొచ్చు, మధ్యలో ఖాళీ ఉండదు.

అంటే గీత గీయాల్సింది డేటాబేస్‌కీ సెర్చ్‌కీ మధ్య కాదు, పొట్టి పనికీ పొడుగు పనికీ మధ్య. సెకన్లలో తేలేవన్నీ నంబర్ల వరసలో ఒకే కమాండ్ కింద ఉండనివ్వండి. రీఇండెక్స్, పాత రికార్డుల్లో కొత్త కాలమ్ నింపడం లాంటివి జాబ్‌లుగా పక్కన నడవాలి, మళ్లీ మొదలుపెట్టినా చెడిపోకుండా. రీఇండెక్స్‌ని పూర్తయ్యేదాకా ఆగొద్దని చెప్పి పంపితే టాస్క్ ఐడీ ఇస్తుంది, ఆ తర్వాత మీ కనెక్షన్ తెగినా సర్వర్‌లో దాని పని అది చేసుకుంటుంది.

రెండోషిఫ్ట్
మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాళ్లకి ఫెయిలైన ఆల్టర్లన్నీ కలిసి వెనక్కొచ్చే సుఖం కూడా లేదు. ఒక ఫైల్‌లో రెండు ఆల్టర్లు రాసి రెండోది ఫెయిలైతే మొదటిది కమిట్ అయిపోయి కూర్చుంటుంది. అందుకే మా దగ్గర ఫైల్‌కి ఒక్క ఆల్టరే.

లాక్‌టైమవుట్
@నిదానంగా సరే, ఒప్పుకున్నా. కానీ మీరు తేలిగ్గా దాటేసిన చోటే నా రాత్రులు పోయాయి. రీఇండెక్స్ మొదలైన క్షణంలో పాత ఇండెక్స్ ఎలా ఉందో అదే కాపీ చేస్తుంది, ఆ గంటన్నరలో వచ్చిన మార్పులు కొత్తదాంట్లో ఉండవు. "అప్‌డేటెడ్ యాట్ (ఎప్పుడు మారిందో చెప్పే కాలమ్) చూసి మిగిలినవి మళ్లీ పంపుదాం" అంటారు అందరూ. డిలీట్ అయినవి? వాటికి అప్‌డేటెడ్ యాట్ ఉండదు, అసలు రికార్డే లేదు కదా. ఏలియాస్ తిప్పాక, అమ్మేసి తీసేసినవన్నీ సెర్చ్‌లో దెయ్యాల్లా లేచొచ్చాయి మాకు. ఇప్పుడు పోయడం మొదలుపెట్టకముందే రాతలూ డిలీట్లూ రెండు ఇండెక్సులకీ వెళ్లేలా కోడ్ డిప్లాయ్ చేస్తాం. పాత కాపీ వచ్చి కొత్తదాన్ని తొక్కకుండా, తీసేసినదాన్ని మళ్లీ లేపకుండా, డిలీట్‌తో సహా ప్రతి రాతకీ వెర్షన్ నంబర్ ఇస్తాం, పోత అయ్యేదాకా డిలీట్ గుర్తుల్ని ఇండెక్స్ మరిచిపోకుండా వాటి గడువు కూడా పెంచుతాం. ఇంత తతంగాన్ని ఒక ఫైల్‌లో ఎలా ఇరికిస్తారు?

ఒకేతాడు
ఇరికించమనలేదు నేను. కొత్త స్కీమా మీద నడిచే కోడ్ పైకి వెళ్లేముందు దానికి తగ్గ ఇండెక్స్ ఉందో లేదో ఏదో ఒకటి చూసి అడ్డంపడాలి అంటున్నా. ఆ చూసేది మనిషి కాకూడదు. "మైగ్రేట్ స్టేటస్" కొడితే రెండు వైపుల సంగతీ ఒకే తెర మీద కనబడాలి, అంతే.

పాతటెర్మినల్
అందరికీ థాంక్స్, ఇదంతా లీడ్‌కి చూపించి కూర్చుని మాట్లాడాం. నంబర్ల వరస ఒకటే ఉంటుంది. ఫైల్‌లో పొట్టి పనులే, డేటాబేస్ వైపు లాక్ టైమవుట్ (టేబుల్ మీద తాళం కోసం ఆగే గడువు) 3 సెకన్లు, ఆలోపు తాళం దొరక్కపోతే ఫెయిలై మళ్లీ ప్రయత్నించడమే, ఎందుకంటే ఎదురుచూసే ఆల్టర్ వెనక మామూలు సెలెక్టులు కూడా బారులు తీరతాయి. పొడుగు పనులకు వేరే టేబుల్, వేరే సబ్‌కమాండ్. స్టేటస్‌లో రెండూ కనిపిస్తాయి. మేం రీఇండెక్స్ మానేసి పోస్ట్‌గ్రెస్ నుంచే నేరుగా నింపబోతున్నాం, అసలు సరుకు అక్కడే ఉన్నప్పుడు కాపీకి కాపీ ఎందుకని.

తేలనిది ఒక్కటే. ఏలియాస్ తిప్పడం కూడా నంబర్ ఉన్న ఫైలే కావాలంటాడు మా లీడ్. రెండు ఇండెక్సుల లెక్కలు సరిచూసి, పది క్వెరీలు కొట్టి చూశాక మనిషే తిప్పాలంటాను నేను.

నిదానంగా
ఈ ఒక్కదాంట్లో నేను మీ వైపు. తిప్పాక కూడా పాత ఇండెక్స్‌ని వెంటనే డిలీట్ చేయకండి, దానిక్కూడా రాతలు వెళ్తూనే ఉండాలి, లేదంటే వెనక్కి తిప్పినా పాచి డేటానే.

సున్నానుంచి
అవునూ, ఇంతకీ ఆ 47 డర్టీ ఎలా తీశారు?

పాతటెర్మినల్
చేత్తోనే. టూల్ టేబుల్‌లో అప్‌డేట్ కొట్టి. వేర్ క్లాజ్ (ఏ రికార్డు మార్చాలో చెప్పే ముక్క, లేకపోతే అన్నీ మారిపోతాయి) ఉందో లేదో ముగ్గురం చూశాకే ఎంటర్ నొక్కాను.